దాపటి పక్క వెంకటప్పయ్య

పామర్రు దాటాక గుడివాడ రోడ్డు మీద ఉన్న రైసుమిల్లులో వెంకటప్పయ్యని దాపటోడు అంటారు. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు దాపటిది, కుడివైపు కట్టేది వలపటిది. ఎడ్ల కోసం పుట్టిన మాటలే గానీ, ఆ మిల్లు హమాలీ ముఠాలో మనుషులకీ చెల్లుతాయి. బస్తా నేలమీద ఉంటుంది. ఇద్దరు చెరోవైపూ వంగి, చెవులు పట్టుకుని, ఒకేసారి లేపి, ముందుకు వంగి నిలబడ్డ మూడోవాడి వీపు మీద పెడతారు. మూడోవాడు లారీ ఎక్కి దించి వస్తాడు. వాడు వెనక్కి తిరిగి చూడడు. చూడక్కర్లేకుండా పెట్టడమే ఎత్తేవాళ్ల పని. ఎడమవైపు వెంకటప్పయ్య, కుడివైపు యేసుబాబు. ఇద్దరి మీసాలూ నల్లగా ఉన్నప్పటినుంచీ అంతే.

ముఠాకి పని ఒకటి, పిచ్చి ఒకటి. పిచ్చి పేరు బండలాగుడు. లారీకీ లారీకీ మధ్య ఖాళీ దొరికితే అందరూ గేటు పక్కన శౌరమ్మ టీకొట్టుకి చేరతారు. బిస్కెట్ల సీసాకి ఫోను ఆనించి, పల్నాడులోనో ప్రకాశంలోనో జరుగుతున్న ఎడ్ల పందేలు చూస్తారు. పాలపళ్ల దూడలు, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. పళ్లని బట్టి తరగతి, తరగతిని బట్టి బండ బరువు. వెంకటప్పయ్య అయిదో తరగతితో బడి మానేశాడు గానీ ఈ తరగతులన్నీ ఆయనకి నోటికొచ్చు.

వాళ్లందరి జట్టూ ఒకటే, బసవపున్నయ్య గారి జత. చేపల చెరువుల ఆసామి. ఆయనకి ముఠాలో ఒక్కడి పేరూ తెలీదు. ముఠాకి మాత్రం ఆయన కొట్టంలో ఏ ఎద్దు దాణా వదిలేసిందో, దేనికి గిట్ట చీలిందో, ఏ పనివాడు అలిగి ఇంటికి పోయాడో అన్నీ తెలుసు. ఏళ్ల తరబడి ఆయన కాడికి దాపట కేసరి, వలపట గరుడ. అలాంటిది ఈ మాఘమాసంలో ఆయన కేసరిని నరసరావుపేట వైపు ఎవరికో ఇచ్చేసి, బదులు సింహాద్రి అనే ఆరు పళ్లదాన్ని తెచ్చుకున్నాడు. ఆ కబురు వచ్చిన రోజు టీకొట్టు దగ్గర రెండు లారీలు లేటయ్యాయి.

"కేసరిని ఇవ్వటానికి ఆయనకి చేతులెట్టా వచ్చినయ్యి?" అన్నాడు యేసుబాబు. "ఎన్ని బహుమతులు తెచ్చింది! ఎన్ని మోటారుసైకిళ్లు!"

"ఆ మోటారుసైకిళ్లు ఇప్పుడు నడుస్తన్నయ్యా?" అన్నాడు వెంకటప్పయ్య.

"నీకసలు గుండె ఉందా బావా?"

"అభిమానం వేరు, బండ వేరు. కేసరి గొప్పదే, కాదనను. ముందుకాలు వణుకుతోంది. గొప్పది గదా అని ఇంకో యేడు కడితే, దాని బరువు కూడా గరుడే లాగాల. చివరికి రెండూ పోతయ్యి. సింహాద్రిని రెండు పళ్లప్పుడే చెప్పానా లేదా?"

చెప్పాడు. అది నిజం. రెండేళ్ల కిందట ఎక్కడో తిరునాళ్ల పందెంలో ఆఖరున వచ్చిన జతలో ఆ ఎద్దుని చూసి, ఇది ఎప్పటికైనా సీనియర్ బండ లాగుతుందన్నాడు. అందరూ నవ్వారు. ఇప్పుడు నవ్వడంలేదు.

"ఆరు పళ్లదానికి సీనియర్ బండ ఏంటి? నడుం విరగదూ?" అన్నాడు అంకమ్మరావు. ముఠాలో ఎక్కువ బస్తాలు మోసేది అతనే.

"నీకు పెళ్లయ్యేనాటికి నీకెన్ని పళ్లో?" అంది శౌరమ్మ. "ముందు ఆ గ్లాసులు ఇటివ్వండి. ఎడ్లకి లేని ఆయాసం మీకెందుకు?"

తర్వాత రోజుల్లో వెంకటప్పయ్య అదే వాదన ఎంతో మందికి చెప్పాడు. లారీ డ్రైవర్లకి, గుమస్తాకి, బియ్యం శాంపిల్ చూడ్డానికి వచ్చిన వ్యాపారికి కూడా. చెప్పిన ప్రతిసారీ మాటలు ఇంకాస్త నున్నగా తయారయ్యాయి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, విజయవాడ వెళ్లాల్సిన లోడు దగ్గర, బస్తా ఎత్తుతుండగా వెంకటప్పయ్య భుజంలో ఏదో కలుక్కుమంది. యేసుబాబు వైపు లేచింది, ఈయన వైపు లేవలేదు. బస్తా ఒరిగి అంకమ్మరావు మెడ మీద పడి, అక్కణ్ణుంచి నేలమీద పడి పగిలింది. అంకమ్మరావు మెడ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వెంకటప్పయ్యకి. బియ్యం ఎత్తి చెరగడానికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు.

సాయంత్రం మేస్త్రి దుర్గాప్రసాద్ వచ్చి పక్కన కూర్చున్నాడు. వెంకటప్పయ్య కంటే పదిహేనేళ్లు చిన్న. మర్యాదస్తుడు.

"బాబాయ్, ఓ మాట."

"చెప్పు."

"నువ్వు గొప్పోడివే, కాదనను."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెంకటప్పయ్యకి వెంటనే తెలిసింది. తర్వాత ఏం రాబోతోందో కూడా తెలుసు.

"గొప్పోడివి గదా అని ఇంకో యేడు పెడితే, నీ బరువు కూడా యేసుబాబు బాబాయే..."

"తెల్సులే."

"చివరికి ఇద్దరూ..."

"తెల్సన్నా గదరా."

కుట్టు మిషను దగ్గర మనిషి మానేశాడు. సంచుల మూతులు కుట్టే పని. కూర్చుని చెయ్యొచ్చు. వాటా కాస్త తక్కువ. ఎత్తడానికి కొత్తగా వచ్చిన హర్షవర్ధన్‌ని పెడదామని మేస్త్రి ఆలోచన. కూచిపూడి దగ్గర్నుంచి వచ్చాడు, పాతికేళ్లుంటాయి, డిగ్రీ మధ్యలో వదిలేశాడు. బస్తా మోసేటప్పుడు పిలవడానికి పేరు మరీ పొడుగని ముఠా అతన్ని అప్పటికే ఆరు పళ్లోడు అంటోంది.

"అయితే ఒకటి," అన్నాడు దుర్గాప్రసాద్. "కుర్రాడు పనికొస్తాడో లేదో నువ్వే చూసి చెప్పాల. నువ్వు ఊ అంటేనే పెడతా, లేదంటే నువ్వే ఉంటావ్. ఎద్దుని రెండు పళ్లప్పుడే పట్టినోడివి, నీకంటే ఎవరికి తెలుస్తది?"

ముఠా అంతా ఔనంది. ఎగతాళిగా కాదు. నిజంగానే అంది. అదే ఇబ్బంది.

శనివారం ఒక లారీ లోడు హర్షవర్ధన్ ఎడమ పక్క నిలబడి ఎత్తాడు. వెంకటప్పయ్య తౌడు బస్తాల మీద కూర్చుని చూశాడు. కుర్రాడిలో బలం ఉంది, వంగడం వచ్చు. కానీ ప్రతిసారీ కుడిచెయ్యి ముందు దిగుతోంది, ఎడమచెయ్యి దాన్ని వెతుక్కుంటూ వస్తోంది. నాలుగు బస్తాలు చూసేసరికి వెంకటప్పయ్యకి సంగతి అర్థమైంది. వీడు పుట్టు వలపటోడు. దాపట పెడితే ఎప్పటికీ కుదరడు.

"ఎట్టా ఉన్నాడు?" అన్నాడు మేస్త్రి.

"సోమవారం చెప్తా."

ఇంటికి వెళ్తుంటే ప్రాణం తేలిగ్గా ఉంది. అబద్ధం చెప్పే పని తప్పింది. కుర్రాడు దాపటికి పనికిరాడు. పరమ సత్యం. తన చోటు తనకి ఉంటుంది.

ఆ సత్యానికి ఇంకో ముక్క ఉంది. యేసుబాబు ఎటువైపైనా ఎత్తగలడు. పోయిన ఎండాకాలం వెంకటప్పయ్య భుజం మొదటిసారి మండినప్పుడు, కొన్నాళ్లు ఇద్దరూ పక్కలు మారారు. చూసినవాళ్లు ఎండకి మారారనుకున్నారు. ఆ ముక్క ఇప్పుడు గుర్తున్నది ఇద్దరికే.

"కూర్చుని చేసే పనంటగా, ఒప్పుకోరాదూ?" అంది ఆయన భార్య ఆదెమ్మ, భుజానికి జండూబామ్ రాస్తూ.

"కూర్చోటం వేరు, కూర్చోబెట్టటం వేరు."

"కుర్చీకి తేడా తెలుస్తదా?" అని ఆదెమ్మ బామ్ మూత పెట్టేసింది.

ఆదివారం కూచిపూడి అవతల ఒక ఊళ్లో పందేలు. కొత్త జత మొదటిసారి దిగుతోంది. యేసుబాబు బండి వెనక కూర్చుని వెళ్లాడు వెంకటప్పయ్య. యేసుబాబుకి కేసరి మీద ప్రేమ, అందుకని కొత్త జత ఓడిపోవాలి. వెంకటప్పయ్యకీ ఓడిపోవాలనే ఉంది. సింహాద్రి చతికిలబడితే కొత్త రక్తం మాట ముఠా కొన్నాళ్లు ఎత్తదు. జీవితంలో మొదటిసారి ఇద్దరూ సొంత జత ఓడాలన్న కోరికతో పందేనికి వెళ్తున్నారు. ఆ సంగతి యేసుబాబుకి తెలీదు.

చెరుకురసం తాగి, పల్లీలు కొనుక్కుని, తాడు దగ్గర చోటు పట్టారు. మైకులో పేరు పిలిచారు. బసవపున్నయ్య గారి జత బరిలోకి వస్తుంటే జనం కేకలేశారు. గరుడ దాపట ఉంది. ఇన్నేళ్లూ వలపట లాగిన గరుడ. దాని పాత చోట్లో, వలపట, సింహాద్రి ఉంది.

"ఇదేందిది? పక్క మార్చాడా?" అన్నాడు యేసుబాబు.

వెంకటప్పయ్య పల్లీల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముసలెద్దుకి ఇప్పుడు పక్క మారిస్తే లాగుతదా?"

విజిల్ పడింది. మొదట బండ కదల్లేదు. గరుడ ఒకసారి కుడివైపు చూసింది, తన చోట్లో ఎవరో ఉన్నారని అప్పుడే తెలిసినట్టు. తర్వాత తల దించింది. బండ కదిలింది. మొదటి మలుపు దగ్గర, ముందు లాగిన జతకంటే వెనుకంజలో ఉన్నారని మైకు చెప్పింది. రెండో మలుపుకి సమంగా ఉన్నారంది. ఆపైన మైకు ఏం చెప్పిందో వెంకటప్పయ్యకి వినపడలేదు. ఎందుకంటే తాడు మీదికి వంగి, తువ్వాలు తిప్పుతూ, ఊరు ఎగిరిపోయేలా అరుస్తున్నది ఆయనే.

"సింహాద్రీ! దించు తల! దించు! అదీ! అదీ నా తండ్రీ!"

యేసుబాబు చొక్కా పట్టుకు లాగాడు. "పడతావ్ బావా! నీ భుజం!"

భుజం సంగతి వెంకటప్పయ్యకి గుర్తులేదు. ఓడిపోవాలని వచ్చిన సంగతీ గుర్తులేదు. జత ముందంజలో ఉందని మైకు చెబుతుంటే, ఎవరో తెలియని మనిషిని కావలించుకుని, "రెండు పళ్లప్పుడే చెప్పానండీ! రెండు పళ్లప్పుడే!" అన్నాడు. ఆ మనిషి, "మంచిదండీ," అన్నాడు.

రెండో బహుమతి వచ్చింది. ముఠా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. బాబాయ్ నువ్వు మనిషివి కాదు, దేవుడివి అన్నాడు దుర్గాప్రసాద్. అంకమ్మరావు కూడా చేశాడు, మెడ తిప్పలేక స్పీకర్లో పెట్టుకుని.

తిరిగొస్తూ దారిలో ఒక కాలవ గట్టు దగ్గర బండి ఆపారు. మిగిలిన పల్లీలు వలుచుకున్నారు.

"గరుడ బానే మారింది," అన్నాడు యేసుబాబు.

"ఆ."

"ఎద్దు కాబట్టి సరిపోయింది."

"ఆ."

యేసుబాబు తొక్కలు కాలవలోకి విసిరాడు. బండి ఎక్కేటప్పుడు యేసుబాబు తన ఎడమచేతిని ఒకసారి చూసుకోవడం వెంకటప్పయ్య గమనించాడు.

సోమవారం పొద్దున మిల్లులో లారీ వెనక్కి తిరిగి నిలబడింది. ముఠా చుట్టూ చేరింది. హర్షవర్ధన్ కొత్త తువ్వాలు కట్టుకొచ్చాడు.

"చెప్పు బాబాయ్," అన్నాడు మేస్త్రి.

"దాపటికి పనికిరాడు."

హర్షవర్ధన్ తువ్వాలు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. "సరే, అయితే నువ్వే ఉండు," అన్నాడు దుర్గాప్రసాద్. ముఖంలో కొంచెం దిగులు కనిపించింది గానీ, దేవుడు చెప్పాక ఏముంటుంది.

వెంకటప్పయ్య తన చోట్లోకి వచ్చి నిలబడ్డాడు. అటు యేసుబాబు. మొదటి బస్తాకి అంకమ్మరావు వచ్చాడు. మెడకి రెండువైపులా నొప్పి పట్టీలు అంటించుకున్నాడు, మందు వాసన వేస్తోంది. రోజూలాగే వెనక్కి తిరగకుండా వీపు చూపించి వంగాడు. తిరగడానికి మెడ రాదు కూడా.

వెంకటప్పయ్య వంగి బస్తా చెవులు పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉన్నాడు.

"ఏమైంది? ఎత్తు," అన్నాడు యేసుబాబు.

"ఆగండి." వెంకటప్పయ్య చెవులు వదిలి నిటారుగా నిలబడ్డాడు. "వీడు దాపటికే పనికిరాడు. వలపటికి బ్రహ్మాండంగా పనికొస్తాడు. యేసుబాబు ఇటు మారతాడు."

"నేనెప్పుడన్నా?" అన్నాడు యేసుబాబు.

"పోయినెండాకాలం మారావు గదా."

"అది నీకోసం మారా!"

"ఇది వాడి మెడ కోసం మారు."

యేసుబాబు చాలా తిట్టాడు. వెంకటప్పయ్యని తిట్టాడు, బసవపున్నయ్య గార్ని తిట్టాడు, సింహాద్రిని, దాన్ని కన్న ఆవుని తిట్టాడు. ఇన్నేళ్లూ నిలబడ్డ చోటు వదిలి పోవాలంటే ఎట్టా ఉంటదో మీకేం తెలుసురా అన్నాడు. అనేసి, వెంకటప్పయ్య ముఖం చూసి, నోరు మూసుకుని ఎడమవైపుకి వచ్చాడు.

"వంగి ఎంతసేపు నిలబడాలి నేను?" అన్నాడు అంకమ్మరావు నేలని చూస్తూ.

హర్షవర్ధన్ కుడివైపు వంగాడు. బస్తా లేచింది. మొదటిది కాస్త ఒరిగింది. అయిదారు బస్తాలు పోయాక సమంగా లేచింది. వెంకటప్పయ్య అక్కడే నిలబడి ఇంకా కొన్ని చూశాడు. తర్వాత కుట్టు మిషను దగ్గరికి వెళ్లి, స్టూలు మీద దుమ్ము దులిపి కూర్చున్నాడు. దారం ఎక్కించడం ఎవరూ చూపించలేదు. రెండుసార్లు తెగింది. మూడోసారి ఎక్కింది.

పదకొండింటికి శౌరమ్మ టీ పట్టుకుని లోపలికే వచ్చింది. మామూలుగా రాదు. గ్లాసు మిషను బల్ల మీద పెట్టి, లారీ వైపు చూసింది.

"ఏమన్నయ్యా, కొత్త జత ఎట్టా ఉంది?"

వెంకటప్పయ్య ఒక గుక్క తాగి, కళ్లు చిట్లించి చూశాడు.

"వలపటోడికి తిరుగు లేదు. నాలుగు నెలలు పోతే జిల్లాలోనే ఉండడు ఇట్టాంటోడు. దాపటోడే కొంచెం అనుమానం. వంగటం లేటు, నోరెక్కువ. ఇంకో యేడు లాగుతాడేమో. ఆపైన వేరేవాణ్ణి చూసుకోవాల."

"వినపడతంది బావా!" అని అరిచాడు యేసుబాబు, బస్తా చెవులు వదలకుండానే.