డిస్క్ అంచున అప్పగింతలు

దసరా మర్నాడు గద్వాలలో అక్క ఇంట్లో ఉన్నవాళ్లు: అక్క, బావ, బావ తల్లి, నేను. ఉన్న వస్తువులు: గోడకు పెద్ద టీవీ, దాని కింద బ్లూ-రే ప్లేయర్, అక్క పెళ్లి వీడియో ఉన్న డిస్క్. లేనిది నాన్న. మొన్న ఎండాకాలంలో పోయాడు. నాకు తెలిసి, ఆయన కదులుతూ, మాట్లాడుతూ కనిపించేది ఆ డిస్క్‌లోనే, అదీ చిట్టచివర, అప్పగింతల దగ్గర. అమ్మ ముందే పోయింది గనక కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మ చేశారు. దాన్ని చూసి ఒక కాపీ తీసుకుపోదామని నాగర్‌కర్నూల్ నుంచి బస్సెక్కాను. బావను చూడటానికైతే కాదు.

ప్లేయర్ డిస్క్‌ను చదవలేదు. బయటికి తీసి చూస్తే, మెరిసే వైపు చుట్టూ పసుపు బొట్లు, వాటి మీద కుంకుమ. దసరా పూజలో బండికి, మిక్సీకి, పత్తి విత్తనాలు తూచే కాంటాకు పెట్టినట్టే దీనికీ పెట్టారు.

"గీ దిక్కు ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా?" అని బావ తల్లిని అడిగాను.

"ఆ దిక్కు పిల్లల పెండ్లి ఫోటో ఉండె గద కొడుకా. మొగాల మీద పసుపు పూస్తరా ఎవలన్న?"

ఆమె మాటలో తప్పేమీ లేదు. తడిపిన మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు మెల్లగా తుడిస్తే పోతుందని చెప్పాను. పాత డీవీడీలో వీడియో ఉండే పొర డిస్క్ మందంలో నడుమ ఉంటుంది. బ్లూ-రేలో అది మెరిసే వైపు పైనుంచి మిల్లీమీటరులో పదోవంతు లోతులోనే ఉంటుంది. ఈ సంగతి చెబుతుండగానే బావ నవ్వాడు.

"మా బామ్మర్ది పసుపు కడుగుడు గూడ కాలేజీల నేర్చుకొని వచ్చిండు!"

నా చేతిలోంచి గుంజుకుని వంటింట్లోకి పోయాడు. నేను వెనకాల చేరేసరికి అంట్ల సబ్బు, కొబ్బరి పీచుతో గుండ్రంగా గుండ్రంగా తోముతున్నాడు.

"బావా, ఆపు! అది కంచం గాదు."

"కంచమైతే నీకే ఇద్దును తోమనీకె. సూడు, ఎట్ల మెరుస్తుందో."

గీత అడ్డంగా పడితే ప్లేయర్ చాలావరకు సర్దుకుంటుంది. చుట్టూ పడితే సర్దుకోలేదు. బావ మధ్యలో వేలు దూర్చి పట్టుకుని తోమాడు కాబట్టి ఒత్తిడంతా అంచు మీదే పడింది.

మళ్లీ పెడితే ఆడింది. బ్లూ-రే లోపలి నుంచి బయటికి చదువుతుంది. రెండు గంటల పెళ్లి, అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ల బొమ్మ, ఇరవై ఐదు జీబీల డిస్క్‌లో ఇరవై రెండున్నర నిండింది. జీలకర్ర బెల్లం దగ్గర అక్క గద్వాల చీర అంచులో జరీ పోగులు విడివిడిగా కనిపించాయి. తలంబ్రాలయ్యాయి. భోజనాల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోయింది.

"జర ముందుకు పోనియ్ తమ్మీ," అంది అక్క.

పోలేదు. అప్పగింతలు అంచున ఉన్నాయి.

డిస్క్ వచ్చినప్పుడే మొత్తం ఫైలును హార్డ్‌డిస్క్‌లో వేసి పెట్టమని బావకు చెప్పాను. వేయలేదు. వనపర్తి ఫోటోగ్రాఫర్ తన దగ్గరిది ఎప్పుడో చెరిపేశాడు.

"పరేషాన్ ఎందుకైతవ్? ఫోటోగ్రాఫర్ అప్పుడు పంపింది నా ఫోన్ల ఉంది గద," అన్నాడు బావ. "అదే పెండ్లి, అదే మీ నాయిన."

"ఎంత సైజు?"

"జేబుల పట్టేంత." మళ్లీ నవ్వాడు.

"నవ్వకు," అంది అక్క. "మా నాయిన గా వీడియోల ఉన్నడు. నవ్వకు."

బావ ఫోన్‌లోంచి నా లాప్‌టాప్‌కు వచ్చింది 640 బై 360. అసలు దాంట్లో తొమ్మిదోవంతు పిక్సెళ్లు. ఏ కెమెరా ముందైనా వెనక్కి జరిగే నాన్న, ఇక్కడా అందరి వెనక నిలబడ్డాడు. అక్కడ ఆపాను. అక్క తెర మీద వేలు పెట్టింది.

"గీడ నాయిన ఏడుస్తుండా, నవ్వుతుండా?"

పెద్దది చేసి చూశాను. తెలియలేదు. బావ తెర వైపు వంగాడు. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా లెక్కపెట్టాను.

నాన్న ముఖం వెడల్పు పద్నాలుగు పిక్సెళ్లు.