తలా మూడు నిమిషాలు

పంతొమ్మిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న ఆవిడను డిపోలో అందరూ మిరపకాయ అంటారు, ఎదురుగా కాదులెండి. మొగుడు దర్జీ, నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ బూట్లు విప్పిన చప్పుడును బట్టి ఆ పూట మాట్లాడాలో వద్దో తేల్చుకుంటాడు. పాపం, ఆవిడ ఊరికే కోప్పడదు. లోకం కారణాలు సరఫరా చేస్తూనే ఉంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

ఈసారి కారణం ఒక బస్సు స్టాపు. పంపుహౌసు దగ్గర ఆరింటి బస్సుకు ఎక్కేది ఒక్కరే, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పెద్దావిడ. మోకాలు వంగదు. కమ్మీ పట్టుకుని, ఒక కాలు పైన పెట్టి, రెండోది ఈడ్చుకోవాలి. ఆవిడ ఎక్కి, బస్సు మళ్లీ వేగం అందుకునేసరికి మూడు నిమిషాలు. కొత్త టైంటేబుల్ ఆఫీసరు వారం రోజులు గడియారం పట్టుకుని బస్సులో కూర్చుని, ఆ స్టాపు ఎత్తేశాడు. తర్వాతి స్టాపు కిలోమీటరున్నర, అంతా ఎత్తు రోడ్డే. ఆసుపత్రిలో ఆలస్యాన్ని రెండుసార్లు ఓర్చుకుంటారు. మూడోసారి పని ఉండదు.

మిరపకాయ మాత్రం ఆపుతూనే ఉంది. పదోరోజు ఆఫీసరు పిలిపించాడు.

"నలభై మంది ప్రయాణికులమ్మా. తలా మూడు నిమిషాలు. రోజుకు రెండు గంటలు ఆదా. ఒక్కరికి ఇబ్బందే, కాదనను. ఎక్కువ మందికి ఎక్కువ మేలు జరగాలా వద్దా?"

"ఆ రెండు గంటలు ఎవరి దగ్గరున్నాయి సార్?"

"అందరి దగ్గరా, కలిపి."

"కలిపి అంటే ఎవరి దగ్గర? నాకు రెండు గంటలు మిగిలాయి అనేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. మూడు నిమిషాలు ఆవలించేలోపు అయిపోతాయి. ఆ మోకాలి నొప్పి మాత్రం మొత్తం ఆవిడొక్కదానిదే. తలా కాస్త పంచుకోడానికి మీ నలభై మంది వస్తారా?"

"ఆవిడ మీద నాకు కోపమేం లేదమ్మా."

"అదే నా ఏడుపు! కోపముంటే మనిషిగానైనా కనబడేది."

"సరే, ఈవిడ కోసం ఆపారు. రేపు ఇంకొకరి కోసం, ఎల్లుండి మరొకరి కోసం. బస్సు ఎప్పుడు చేరుతుంది?"

సబబైన మాటే. అందుకే ఆవిడకు ఒళ్లు ఇంకా మండింది. ఇంకోసారి ఆపితే స్టీరింగు ముట్టుకోనివ్వం అని రాసిన కాగితం చేతికిచ్చి పంపాడు ఆఫీసరు.

మర్నాడు పంపుహౌసు దగ్గర ఎవరూ లేరు. సగం ఎత్తు ఎక్కాక, రోడ్డు వారగా కాలీడుస్తూ పెద్దావిడ కనబడింది. కండక్టరు కాగితం సంగతి ముందే చెవిన వేశాడట, ఐదింటికే బయల్దేరింది. మిరపకాయ బ్రేకు తొక్కి తలుపు తెరిచింది.

"వెళ్లిపో చెల్లీ. నీ పని పోతుంది. బస్సులో అంతమంది ఉన్నారు, నేనొక్కదాన్నేగా."

ఆ మాటకు వచ్చినంత కోపం మిరపకాయకు ఆఫీసరు మీద కూడా రాలేదు.

"వాడంటే వాడి ఉద్యోగం అది. నిన్ను నువ్వే తీసిపారేసుకుంటావా అక్కా? సిగ్గు లేదూ? ఎక్కు!"

"ఎక్కను."

వెనక ఎవరో టైమైపోతోందని గొణిగారు. మిరపకాయ ఇంజను ఆపి, తాళం తీసి ఒళ్లో పెట్టుకుంది.