ఆకు ఖాళీ చేసిన మర్యాద

ఆ రోజుల్లో మా బ్రిజే వెర్దియేర్ చెరుకుతోటల్లో 'దేశం' అంటే ఇండియా ఒక్కటే. మేం పుట్టి పెరిగిన ఈ దీవి ఏమిటని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మా ఇంట్లో దేశాన్ని చూసినది నానమ్మ ఒక్కతే. (చూడటమంటే, వాళ్ళమ్మ చంకలో నిద్రపోతూ ఓడెక్కింది. అయినా అక్కడి ఆచారాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.) దేశం మనుషులు నిద్రలో కూడా పద్యాలే పలవరిస్తారని నేను గట్టిగా నమ్మేదాన్ని.

అలాంటి దేశం నుంచి, విశాఖపట్నం వైపు నుంచి, ఒక పంతులుగారు భార్యతో సహా కాత్ర్ బోర్న్‌లో దిగారు. ఆ పంతులమ్మగారు ఆడపిల్లని ఇంట్లో పెట్టుకుని తెలుగు చదువు చెబుతారట! భజన పాటలు అర్థం తెలియకుండా చిలకలా పాడుతూ పెరిగిన నాకు, వాటిని కళ్ళతో చదవాలని ఒకటే ఆశ. కానీ ముందు ఆవిడకి నేను నచ్చాలి. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పాలంటేనే నాకు చెమటలు పడతాయి మరి.

వాళ్ళింటికని సాంత్ర్ ద ఫ్లాక్‌లో రైలెక్కిన దగ్గర్నుంచీ నానమ్మ పాఠం మొదలుపెట్టింది. "విను పిల్లా. దేశం వాళ్ళ ఇంట్లో ఆకుమీద మెతుకు వదిలితే మొహాన కొట్టినట్టే. అంతా తినాల. చాలు అనకూడదు. కోంప్రాన్?"

"కోంప్రాన్, నానమ్మా," అన్నాను. అర్థమైంది, కానీ ఎంత ప్రమాదమో కాలేదు.

పంతులమ్మగారు నాకంటే కొంచెమే పెద్ద. నవ్వు మొహం, బెదురు కళ్ళు. వసారా నిండా శుశు కాయలు, అవే సీమవంకాయలు, గుట్టగా పడి ఉన్నాయి. ఆకులో శుశు కూర, శుశు పప్పు, శుశు పచ్చడి. నానమ్మకి శనివారం ఒక్కపొద్దు కాబట్టి అరటిపండు చేత్తో పట్టుకుని నాకు కాపలా కూర్చుంది. నేను ఆకు ఖాళీ చేశాను. పంతులమ్మగారు మళ్ళీ అన్నం పెట్టింది. మళ్ళీ ఖాళీ చేశాను. మళ్ళీ పెట్టింది. నేను తల ఎత్తితే నానమ్మ కళ్ళు ఉరిమేవి. లంగా బొందు కోసుకుపోతోంది. లోపల గిన్నె అడుగు గీకుతున్న చప్పుడు, ఆవిడ గుసగుసలు వినిపించాయి. వెంటనే పంతులుగారు సంచీ పట్టుకుని దొడ్డిదారిన పరిగెత్తారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో ఇంకో గరిటె పట్టుకొచ్చింది.

ఆ గరిటె చూసేసరికి నాలో సిగ్గు, తెలుగు, రెండూ ఒకేసారి పారిపోయాయి. ఆకుమీద రెండు చేతులూ అడ్డుపెట్టి "అసే, అమ్మా, అసే! మో వాంత్ పె ఎక్లాతే!" అని అరిచాను. చాలు, పొట్ట పగిలిపోతోందని మా దీవి భాష క్రియోల్‌లో. నా చదువు ఆ అరుపుతోనే ముగిసిందనుకున్నాను.

పంతులమ్మగారు గరిటెతో సహా నేలమీద కూలబడింది. "అమ్మయ్య! చాలనేనా తల్లీ? మీరంతా చెరుకు కొట్టే చేతులు, ఆకు ఖాళీగా కనిపిస్తే కోప్పడతారని ఓడలో ఎవరో చెప్పారే! మా వారిప్పుడే పక్కింటికి బియ్యం బదులుకి వెళ్ళారు!"

నానమ్మకి పౌరుషం వచ్చింది. "మీ దేశంలో అంతా తినాల కదా?"

"మా ఇంట్లో ఒక ముద్ద వదిలితే కడుపు నిండినట్టమ్మా."

"అయితే మేం వచ్చేశాక మీ దేశం చెడిపోయింది!"

పంతులమ్మగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత నావైపు జరిగి, "ఆ మాటేమిటే, అసేనా? అది రాకే కూరగాయలవాడు నా గంపలో శుశు కాయలు వేస్తూనే ఉన్నాడు. నేను తలూపుతూనే ఉన్నాను. నాయనా చాలంటే వింటేనా! అమ్మా, ఈ పిల్లని నా దగ్గర వదలండి. నేను అక్షరాలు చెబుతాను. ఇది నాకు బజారు నేర్పుతుంది," అంది.

నానమ్మ అరటిపండు వొలుస్తూ, "పెట్టడం మాత్రం దేశం చెయ్యే," అని ఒప్పుకుంది. (అక్షరాలొచ్చాక ఆ రోజు గురించి నా డైరీలో రాసుకున్నది ఒక్క మాటే: శుశు.)

ఇప్పుడు భజన పాటలు చదువుతాను, అర్థాలు కూడా చెబుతాను. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా మర్యాద తెలిసినదానిలా ఆకులో ఒక ముద్ద వదులుతాను. చెయ్యి కడుక్కోబోతుంటే, అరటిపండు పట్టుకుని నానమ్మ ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఎవరూ చూడకుండా ఆ ముద్ద కూడా తినేస్తాను.