మైదా అన్న వంతు

మా ప్రెస్సులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఆయనను అందరూ మైదా అన్న అంటారు. జిగురు కోసం మైదాపిండి ఉడికించేది ఆయనే. సాయంత్రం చేతులు ఎంత తోముకున్నా గోళ్ళ అంచుల్లో కాస్త తెల్లగా మిగిలిపోతుంది. వీధిలో ఏ పిల్లాడి పుస్తకం ఊడినా ఆయన దగ్గరికే వస్తుంది, కూలి అడగడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. కట్టించుకోమంటే, "నవ్వడానికి చిగుళ్ళు చాలవా తమ్ముడూ" అంటాడు.

నేను అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. జీతాలు అందిన సాయంత్రం మేమిద్దరం, బస్సు నడిపే మా బావ, అంటే నా భార్యకు అన్న, ముగ్గురం వీధి చివరి హోటలుకు వెళ్తాం. బిల్లు ఎంతయినా మూడు భాగాలు. మొదటినుంచీ అదే పద్ధతి.

నాకు మాత్రం ఆ పద్ధతి గొంతులో ముల్లులా ఉండేది. నేను చెప్పేది కోడికూర హాఫ్. బావ ఆకలి ఆయన బస్సంత. ఇక మైదా అన్న ప్రతిసారీ ఫుల్ చెప్పేవాడు. వాళ్ళ తిండికి నా జేబు చిల్లు పడుతోందని లోలోపల కుమిలిపోయేవాణ్ణి.

తినేముందు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడం మా ఊరి బడిలో పంతులుగారు నేర్పిన అలవాటు. పైకి గొణుక్కుంటూ చేసే నా దణ్ణం కాస్త పొడుగు. పిల్లల చదువుల దగ్గర మొదలై ప్రెస్సు యజమాని నడుంనొప్పి దాకా వెళ్తుంది. చివర్లో, "స్వామీ, ఫుల్ తినేవాళ్ళకు కొంచెం న్యాయబుద్ధి ప్రసాదించు" అని మనసులో మాత్రం కలిపేవాణ్ణి. కళ్ళు తెరిచేసరికి నా హాఫ్ గిన్నె ముక్కలతో నిండుగా ఉండేది. ఈ వంటవాడెవరో భక్తుడై ఉండాలి అనుకునేవాణ్ణి. ఇంట్లో కూడా ఆ మాట గొప్పగా చెప్పాను. ఒత్తు పోయిన అక్షరాన్ని పేజీ అవతల నుంచి పట్టే నాకు, పళ్ళులేని మనిషి ఫుల్ ఎలా తింటున్నాడని ఒక్కనాడూ తట్టలేదు.

పోయిన నెల ధైర్యం చేశాను.

"ఇకనుంచి ఎవరు తెప్పించుకున్నది వాళ్ళే ఇచ్చుకుందాం. ఎవరి వంతు వాళ్ళది."

"మరి మంచినీళ్ళు ఎవరి ఖాతాలో రాస్తావు?" అన్నాడు బావ.

ఆ సాయంత్రం మైదా అన్న ఫుల్ చెప్పలేదు. సూపు ఒక్కటి చెప్పాడు.

దణ్ణం ముగించి కళ్ళు తెరిస్తే నా గిన్నెలో మూడే ముక్కలు. అందులో ఒకటి మెడ.

"వంటవాడు మారినట్టున్నాడు" అన్నాను. బావకు పొలమారింది.

మైదా అన్న సూపు తాగేసి తన డబ్బు పళ్ళెంలో పెట్టాడు. "వచ్చే నెలనుంచి నేను రానులే తమ్ముడూ. రాత్రి తిండి పడట్లేదు" అని చెప్పి బయటికి నడిచాడు.

మేమూ బయటికొచ్చాక బావ వేలు చూపించాడు. "వంటవాడు మారలేదు. అదుగో, రోడ్డు దాటుతున్నాడు."

"ఎవరు?"

"మీ అన్నే. నువ్వు కళ్ళు మూసుకోగానే తన ముక్కలన్నీ ఏరి నీకూ నాకూ వేసేవాడు. తను పులుసులో రొట్టె నానేసుకుని తినేవాడు."

"నాకు చెప్పొద్దూ?"

"చెబితే నావి కూడా ఆగిపోవూ?" అని, రోడ్డు వైపు చూస్తూ గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఆయన వడ్డిస్తే తినేవాళ్ళెవరున్నారు చెప్పు. నెలకోసారి ఆ ముచ్చట తీరేది. దానికీ లెక్క కట్టావు."

మర్నాడు బైండింగు గదికి వెళ్ళాను. ఆయన జిగురు కలుపుతున్నాడు.

"అన్నా, పాత పద్ధతే బాగుంది. నువ్వు రావాలి."

"వచ్చి ఏం చెయ్యను? ఎవరి వంతు వాళ్ళదన్నావు. నాది తినే వంతు కాదు తమ్ముడూ, పెట్టే వంతు. మీ వదిన ఉన్నప్పుడూ అంతే. నేను వేస్తుంటే తిడుతూ తినేది."

"నన్నూ తిట్టమంటావా?"

గరిటె ఆపి చిగుళ్ళతో నవ్వాడు. "మూడు భాగాలైతే నీకు నష్టం కదా మరి?"

పొయ్యి మీద జిగురుకన్నా నా ముఖమే ఎక్కువ ఉడికింది.

"వస్తాలే" అన్నాడు ఆయనే. "కానీ దణ్ణం మానకు. నువ్వు చూస్తుంటే నాకు మొహమాటం."

నిన్న జీతాలు అందాయి. మైదా అన్న ఫుల్ చెప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను. గిన్నెకు గరిటె తగిలిన చప్పుడు వినిపించింది.

"అన్నా, కంగారుపడకు" అని బావ గుసగుసలాడాడు. "ఆయనింకా పిల్లల చదువుల దగ్గరే ఉన్నాడు."

యజమాని నడుంనొప్పి గురించి నిన్న మామూలుకన్నా ఎక్కువసేపే ప్రార్థించాను.