ఆల్సీడ్ ఫిడేలు, ఆవుల వీపులు

ఆల్సీడ్ రివార్డ్ లాంటి ఆరంభశూరుడు మా వెర్మాంట్ కొండల్లో మరొకడు లేడు. పరుగు కోసం కొన్న బూట్లలో కోడి గుడ్లు పెడుతోంది. తేనెటీగల పెట్టెల్లో ఎలుకలు కాపురమున్నాయి. అతని కొట్టం నుంచి పాలు ట్యాంకరులో తోలుకెళ్లేవాణ్ని నేనే కనక, అతని ప్రతి వ్రతం పుట్టుకా చావూ కళ్లారా చూశాను.

కిందటి శరదృతువులో అటక మీది తాత ఫిడేలు దించాడు. భార్య జొసెట్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇదీ మూన్నాళ్ల ముచ్చటేగా. చూడు ఆల్సీడ్, మార్చిలో ఊరి హాల్లో మేపుల్ చెట్ల తీపి పాకం విందు. ఆ వేళకి నలుగురిలో ఒక్క పాట వాయించలేకపోయావో, ఫిడేలు మీ చెల్లెలి కొడుకు రెమీకి ఇచ్చేస్తా. వాడైనా వాయిస్తాడు."

జొసెట్ అన్నదంటే చేసి తీరుతుంది. తాత ఒళ్లో కూర్చుని విన్న ఫిడేలు అది, ఆల్సీడ్‌కి భయం పట్టుకుంది.

ఇంట్లో వాయిస్తే జొసెట్ రేడియో పెంచేది. అందుకని కొట్టంలోకి మకాం మార్చాడు. పొదుగులు కడిగి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కాసేపు గీరి, అప్పుడు పాలు పిండే మిషన్లు తగిలించేవాడు. మొదటిసారి విని ఏ దూడకో కాలు విరిగిందనుకున్నాను. గోడవైపు మొహాలు పెట్టుకున్న ఆవులు మాత్రం నెమరేస్తూ ఓర్చుకున్నాయి.

జనవరిలో చలి ఎముకలు కొరికేస్తున్న ఓ పొద్దున ఒళ్లు బద్ధకించి, ఫిడేలు ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

"ఏమే బెర్తా, చేపవేం?" అని ఆవును బతిమాలుతున్నాడు.

బెర్తా చేపలేదు. పక్కదీ చేపలేదు. మిషన్లు ఉత్త గాలి పీలుస్తున్నాయి.

"పాట కావాలేమోనయ్యా," అన్నాను.

"నోర్ముయ్," అన్నాడు. అంటూనే మంచులో మోకాళ్లదాకా దిగబడుతూ వెళ్లి ఫిడేలు పట్టుకొచ్చాడు. రెండు వరసలు వాయించాడో లేదో, పాలు ధారలు కట్టాయి.

ఇక మానుదామన్నా మానే దారి లేకపోయింది. పెళ్లాం పెట్టిన గడువు తప్పొచ్చుగానీ, ఆవుకు చేసిన అలవాటు తప్పించడం ఎవరి తరం? మార్చి నాటికి పాట పాటలాగే వినబడింది. జొసెట్ రేడియో కట్టేసి, అంత చలిలోనూ వంటింటి కిటికీ తెరిచి ఉంచేది. ఎందుకమ్మా అంటే పొగ పోవడానికంది.

విందు రోజు హాలు కిక్కిరిసింది. ఆల్సీడ్ వేదికెక్కి ఫిడేలు గడ్డం కింద పెట్టాడు. చెయ్యి కదల్లేదు. ఇన్నాళ్లూ వీపులకి వాయించినవాడికి ఎదురుగా అన్నీ మొహాలే. చెవులు ఎర్రబడ్డాయి. రెమీ కుర్చీలో ముందుకు జరిగాడు. ఆల్సీడ్ మెల్లగా ఫిడేలు దించుతుంటే నాకే ఏడుపొచ్చినంత పనైంది.

జొసెట్ లేచి నిలబడింది.

"అందరూ కాస్త వెనక్కి తిరిగి కూర్చోండి."

"ఎందుకమ్మా?" అన్నాడు పక్కనున్న ముసలాయన.

"తిరగమన్నానా. మా ఆయనకి వీపులే అలవాటు."

కుర్చీలు కీచుమన్నాయి. ఊరు ఊరంతా నవ్వుకుంటూ గోడవైపు తిరిగింది. కాసేపటికి పాట మొదలై, ఆగకుండా చివరిదాకా నడిచింది. ఓరకంట చూశాను. జొసెట్ ఒక్కతే తిరగలేదు. అతన్నే చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది.

బయటికి వస్తుంటే రెమీ ఉండబట్టలేక అడిగాడు. "అయితే ఫిడేలు నాకు లేనట్టేనా అత్తా?"

"నీకెందుకురా," అంది జొసెట్. "నీకు ఆవుల్లేవుగా."