ముందు వరస పాసుతో జెయింట్ వీల్ దాకా

మా అక్క నాంచారమ్మ జెయింట్ వీల్ ఎక్కాలంది. ఈ ప్రయాణానికి అంతకు మించి కారణం లేదు. ఎనభై ఆరు వేసవిలో నూజివీడు బస్టాండు గోడల నిండా బెజవాడ ఎగ్జిబిషన్ పోస్టర్లు అంటించారు. వాటి అడుగున ‘వికలాంగులకు ప్రత్యేక సదుపాయం కలదు’ అని ఎర్రటి అక్షరాలతో వేశారు. ఆ ముక్క ఇంటికొచ్చి అక్కకి చెప్పింది నేనే. కాబట్టి తర్వాత జరిగినదాంట్లో నా పాపం కూడా కొంత ఉంది.

అక్కకి మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఆ కాలికి ఇనప కడ్డీల బూటు, చంకలో కర్ర. మా ఊరు నూజివీడు నుంచి రెడ్డిగూడెం పోయే దారిలో ఉంది, చుట్టూ మామిడి తోటలే. కోతల రోజుల్లో అందరూ చెట్లెక్కుతుంటే అక్క కింద గోనెపట్టా మీద కూర్చుని కాయ ఏరుతుంది. చేతిలోకి తీసుకుంటే చాలు, ఎన్ని రోజులకి పండుతుందో చెప్పేస్తుంది. నన్ను టీచర్ ట్రైనింగ్ చదివించింది ఆ చేతులే. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇన్నాళ్ళలో నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

“చెట్టెక్కి దిగినోళ్ళందరూ ఏదో చూసొచ్చినట్టు మాట్లాడతారే రత్నం. నేనూ ఒక్కసారి పైనుంచి చూడాలి,” అంది.

జూన్ మొదటి వారం. కోతలు అయిపోవచ్చాయి, మా బడి ఇంకా తెరవలేదు. ఎగ్జిబిషన్ సాయంత్రం నాలుగింటికి గాని తీయరని తెలిసి, పదకొండున్నరకి ఊళ్ళో బస్సెక్కాం. అన్నం డబ్బా, నాలుగు రసం మామిడిపళ్ళు పెట్టిన చిన్న గంప నా చేతిలో, కర్ర అక్క చేతిలో. పన్నెండుంబావుకి నూజివీడులో దిగితే, తిన్నగా బెజవాడ పోయే బస్సు కాలు పెట్టే సందు లేకుండా ఉంది. హనుమాన్ జంక్షన్ బస్సు ఖాళీగా కనిపిస్తే అదెక్కాం. కాలు బాగాలేని మనిషితో వెళ్ళేవాళ్ళకి నా సలహా కూడా అదే. జంక్షన్‌లో మారాల్సి వస్తుంది గానీ కూర్చుని వెళ్ళొచ్చు.

మా ఎదుటి సీట్లో చుట్ట పట్టుకున్న ఒక పెద్ద రైతు అక్క బూటు వైపు చూశాడు.

“ఆస్పత్రికా అమ్మా?”

“కాదండీ. జెయింట్ వీల్ ఎక్కడానికి.”

“నీకెందుకమ్మా అయ్యన్నీ?”

“మీకెందుకండీ ఆ చుట్ట?” అంది అక్క. బస్సంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు మేం నవ్వింది అక్కడే.

జంక్షన్‌లో మామిడి లారీల పక్కన నీడ చూసుకుని అన్నాలు తిన్నాం. ఒంటిగంటన్నర బస్సుకి బయల్దేరి మూడు కాకముందే బెజవాడలో దిగి, రిక్షాలో ఎగ్జిబిషన్ చేరాం. గేటు తీసేదాకా ఎండలోనే పడిగాపులు. నాలుగూ పదికి లోపలికెళ్తే జెయింట్ వీల్ ముందు అప్పటికే వందమంది లైను. టికెట్లు కొన్నాను.

ఇక్కడ నేనో తెలివితక్కువ పని చేశాను. నూజివీడు మార్కెట్ యార్డులో కాయ తెచ్చినవాళ్ళు కాటా దగ్గర లైన్లో నిలబడరు. తమ వంతుకి ఒక గంప పెట్టి టీ తాగడానికి పోతారు. గంప ఉంటే మనిషి ఉన్నట్టే. ఎవడూ దాన్ని జరపడు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న పద్ధతి కదా, బెజవాడలోనూ అంతేననుకున్నాను. మా గంప లైను చివర పెట్టి, అక్కని టికెట్ల గది నీడలో అరుగు మీద కూర్చోబెట్టాను. పావుగంట పోయాక చూస్తే గంప పక్కకి బోర్లా పడుంది. రసం ఒకటి ఎవరి చెప్పు కిందో చితికిపోయింది.

“ఎవరండీ మా గంప తన్నింది?” అన్నాను.

లైన్లో ఒక సఫారీ డ్రెస్సాయన వెనక్కి తిరిగి, “గంపక్కూడా టికెట్ కొన్నారా?” అన్నాడు. లైనంతా పకపకా నవ్వింది.

“మా యార్డులో గంప మీద చెయ్యేస్తే చెయ్యి విరగ్గొడతారు తెలుసా!”

“ఇది మీ యార్డు కాదమ్మా.”

నిజమే. యార్డు కాదు. యార్డులో మనుషులుంటారు.

వేరుశనక్కాయల బండి దగ్గరున్నామె జాలిపడి, “కాలు బాగోనోళ్ళకి ముందు పంపే పాసిత్తారంట. ఆపీసులో అడగండమ్మా,” అంది. ఆ ఆఫీసు మైదానానికి ఆ చివరుంది. దారంతా ఇసక. అడుగడుక్కీ కర్ర దిగబడిపోతోంది. వికలాంగుల పాసిచ్చే గదిని అంత దూరాన, మూడు మెట్లెక్కించి పెట్టిన మహానుభావుడెవడో గాని, వాడి దుంప తెగ! అక్క చూపించిన వికలాంగుల బస్సు పాసుని గుమాస్తా తిరగేసి చూశాడు.

“ఇది బస్సుకమ్మా. డాక్టర్ సర్టిఫికెట్ ఏదీ?”

“కాలు మీ ఎదురుగానే ఉంది కదండీ,” అన్నాను.

“కాలు కాదండీ, కాగితం కావాలి.”

అక్క ముందుకి జరిగింది. బూటు చేత్తో పట్టుకుని ఎత్తి, ఆయన బల్ల కింది పలక మీద ఠంగుమని పెట్టింది. ఆయన గతుక్కుమని గులాబీ రంగు చీటీ రాసి ముద్ర కొట్టాడు. ‘వికలాంగులు, తోడు ఒకరు – ముందు వరస.’ అప్పటికి అయిదూ పది.

చీటీ పట్టుకుని మళ్ళీ ఆ ఇసకలో పడి వచ్చాం. లైను పక్కనుంచి పోతుంటే, “వీళ్ళ పనే బాగుంది,” అన్నారెవరో. ముందు గేటు తీశారు. రెండు నిమిషాల్లో వీల్ కిందికి చేరాం. కూర్చునే తొట్టి వచ్చి మా ముందు ఆగింది. వీల్ తిప్పే అతను చీటీ చూశాడు, కర్ర చూశాడు.

“కుదరదండీ. వికలాంగుల్ని ఎక్కించకూడదు.”

“మరి ఈ పాసెందుకిచ్చారు?”

“పాసు క్యూకండీ. ఎక్కడానిక్కాదు.”

ఒళ్ళు భగ్గున మండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ వరమిచ్చిందీ కాదన్నదీ ఒకే ఎగ్జిబిషన్ వాళ్ళు. “ఎక్కనివ్వనప్పుడు ముందుకెందుకు పిలిచారయ్యా? అందరికంటే ముందు వెనక్కి పంపడానికా? పోస్టర్ మీద అంతంత అక్షరాలు ఎవడు రాయమన్నాడు?” అని అరిచాను. “రూలండీ, నన్నేం చెయ్యమంటారు. ఆ పిల్లల రైలెక్కించుకోండి,” అన్నాడు. పిల్లల రైలు నేలమీదే తిరుగుతుంది. మా అక్క ముప్పై నాలుగేళ్ళుగా ఉంటున్నది నేలమీదే కదా!

నేనింకా అరుస్తూనే ఉన్నాను. అక్క నా చెయ్యి పట్టి లాగింది. శనక్కాయల బండి వెనక్కి తీసుకెళ్ళి, కర్ర ఆమెకిచ్చి, “కాస్త చూస్తా ఉండమ్మా,” అంది. చీర కుచ్చిళ్ళు కిందికి లాగి బూటు కప్పేసింది. కొంగు తలమీదుగా కప్పుకుంది.

“పద. లైన్లో నిలబడదాం.”

“నీ వల్ల కాదక్కా.”

“ఎందుక్కాదే? నడువు.”

అయిదున్నర నుంచి పది తక్కువ ఏడు దాకా నిలబడింది. గంటా ఇరవై నిమిషాలు. బరువంతా నా భుజమ్మీద మోపి, లైను జరిగినప్పుడల్లా బూటుని ఈడ్చుకుంటూ, అమ్మా అని కూడా అనకుండా నిలబడింది. బూటు పట్టీ కోసుకుంటోందని నాకు తెలుసు. నా భుజం మీద వేళ్ళు బిగుసుకుంటున్నాయి. ఆ గంటలో నేను తిట్టని తిట్టు లేదు, అన్నీ మనసులోనే.

మా వంతొచ్చింది. వీల్ దగ్గర అదే మనిషి. ఇందాక చీటీ చూశాడు, కర్ర చూశాడు గాని అక్క మొహం చూడలేదు కాబోలు, గుర్తుపట్టలేదు. ఇందాక అరిచింది నేనే కాబట్టి, నేనూ కొంగు మొహమ్మీదికి లాక్కుని అక్క వెనక తల దించుకున్నాను. “నిలబడి నిలబడి తల తిరుగుతోంది బాబూ,” అంటూ అక్క ఊచ పట్టుకుంది. నేను వెనకనుంచి ఎత్తాను. అతను తొట్టి కదలకుండా పట్టుకుని, “త్వరగా, త్వరగా,” అన్నాడు. ఎక్కేశాం.

మూడు చుట్లో, నాలుగో. పైకెళ్ళినప్పుడల్లా దీపాలన్నీ వెలిగిన బెజవాడ, అవతల కృష్ణ మీద ఎర్రటి వెలుగు, కొండలు. “చూడక్కా! అటు చూడు!” అని అరుస్తూనే ఉన్నాను. గాలి చెవుల్లో హోరుమంటోంది.

దిగి, శనక్కాయలామె దగ్గర కర్ర తీసుకుని బస్టాండుకొస్తే ఏడున్నరకి బస్సు దొరికింది, సీటు కూడా దొరికింది. బూటు విప్పితే పిక్క చుట్టూ చర్మం చీరుకుపోయి ఉంది. తడి రుమాలు చుట్టాను. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి చెప్పేదేమంటే, బస్సులకి ఇబ్బంది లేదు, జంక్షన్‌లో నీడ ఉంటుంది. పాసు మాత్రం తీసుకోకండి. కర్ర దాచుకోగలిగితే దాచుకోండి. ఇంతకంటే సిగ్గుమాలిన సలహా నేను జన్మలో ఎవరికీ ఇవ్వలేదు.

గన్నవరం దాటాక అడిగాను. “మొత్తానికి ఎక్కావు. ఎలా ఉందక్కా పైనుంచి?”

“ఏం చూశానే! గాలికి కుచ్చిళ్ళు లేచి బూటు బయటపడితే వాడు వీల్ ఆపి దింపేస్తాడని భయం. రెండు చేతుల్తో చీర అదిమి పట్టుకుని, దిగేదాకా నా కాలే చూసుకుంటా కూర్చున్నా.”

 అక్క కిటికీకి తల ఆనించుకుని నా మోచేతిని తట్టింది.

“నువ్వు చూశావుగా. ఏం కనపడిందో చెప్పు.”