చేపల డబ్బాలో ఇంజెక్షన్లు: యానాం నుంచి కాకినాడకు స్కానింగ్ ప్రయాణం

పిల్లల కోసం మందులు వాడుతూ యానాం నుంచి కాకినాడకు తిరగబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇది మీకోసమే రాస్తున్నాను. మా పెళ్ళయి ఏడేళ్ళయింది. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్సు ఐవీఎఫ్‌కి రెండుసార్లు మాత్రమే సాయం చేస్తుంది. మొదటిసారి ఫలించలేదు. ఇది రెండోది. ఇదీ పోతే మూడోసారి వెళ్ళే స్తోమత మాకు లేదు. ఆయనకు విశాఖలో ఉద్యోగం, సెలవు దొరకదు. అందుకని నాకు తోడుగా మా అత్తయ్య బయలుదేరింది. ముప్పై ఏళ్ళుగా యానాం మార్కెట్లో చేపలమ్ముతున్న మనిషి. బస్సన్నా జనమన్నా ఆవిడకి లెక్కలేదు.

రక్తపరీక్ష, స్కాను పొద్దున్నే చేస్తారు కాబట్టి ఆరింటి బస్సు పట్టుకోవాలి. కనకాలపేటలో మా ఇంటి దగ్గర్నుంచి బస్టాండుకి ఆటో ఎక్కాం. "ఇంత పొద్దుటే ఎక్కడికండీ?" అన్నాడు ఆటో అబ్బాయి. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "మా కోడలికి పన్ను నెప్పి బాబూ, కాకినాడ ఎల్తన్నాం" అనేసింది. వారంగా వీధంతా నా పన్ను గురించే పరామర్శ. నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆవిడ భయం ఆవిడది, ఎవరి నోట ఏ మాట పడుతుందోనని.

బస్సులో ఇంజరం, తాళ్ళరేవు, కోరంగి మీదుగా గంటకు పైగానే పడుతుంది. టికెట్టు మనిషికి యాభై రూపాయల చుట్టూ ఉంటుంది. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదనుకుంటే పొరపాటు, మలుపుల్లో ఎటైనా తగులుతుంది. అత్తయ్య తను చేపలు సర్దుకునే తెల్ల థర్మాకోల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. అందులో ఆ రోజుకీ మర్నాటికీ వాడాల్సిన రెండు ఇంజెక్షన్లున్నాయి. ముందురోజు సాయంత్రం కరెంటు పోతే, ఫ్రిజ్‌లోంచి తీసి తనే భద్రం చేసింది. "ఏం బెంగెట్టుకోకమ్మాయ్, ఎలా ఉంచాలో నాకు తెలవదా?" అంది. నేను తెరిచి చూడలేదు.

ఆసుపత్రిలో స్కాను బాగుంది. అండాలు అనుకున్నట్టే పెరుగుతున్నాయని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. ఆ సంతోషంలో డబ్బా తీసుకెళ్ళి సిస్టరుకిచ్చాను. ఆవిడ మూత తీసింది. కింద దంచిన ఐసు, పైన రాళ్ళుప్పు, మధ్యలో ఇంజెక్షన్లు, మీద మళ్ళీ ఐసు. అచ్చం రొయ్యల్ని సర్దినట్టే.

"ఇవి గడ్డ కట్టేశాయండి. కరిగినా పనికిరావు. చల్లగా ఉండాలి గానీ ఐసు తగలకూడదు" అంది సిస్టరు.

"ఉప్పేత్తే ఇంకా చల్లగా ఉంటదని..." అంది అత్తయ్య. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఒక్క మాట నన్నడగొచ్చు కదా అత్తయ్యా!" అని గట్టిగానే అన్నాను. ఆ రోజు ఇంజెక్షన్ పడకపోతే ఈసారికి ఇంతే. ఆసుపత్రి మందుల షాపులో స్టాకు లేదు. కొత్తవి కొంటే డబ్బులొస్తాయా అని ఇన్సూరెన్సు కౌంటర్లో అడిగితే, అక్కడి అమ్మాయి పాపం మెల్లగానే చెప్పింది. "అండాలు తీసే రోజు ఖర్చుకే వస్తుందండీ, దానికీ ముందే అనుమతి తీసుకోవాలి. ఇంజెక్షన్లూ స్కాన్లూ మీరే పెట్టుకోవాలి. పాడైనవాటికైతే అసలు రాదు."

సిస్టరు నాలుగు షాపులకు ఫోన్లు చేసింది. మెయిన్‌రోడ్డు షాపులో రెండు దొరికాయి. నేను లేచేలోపే అత్తయ్య డబ్బాలో ఐసంతా పారబోసి, "ఎలా తేవాలో చెప్పమ్మా, ఈసారి నువ్వు చెప్పినట్టే తెత్తాను" అంది. సిస్టరిచ్చిన జెల్ ప్యాకు చుట్టూ తువ్వాలు చుట్టించుకుని ఆటో ఎక్కింది. తిరిగొచ్చేసరికి చెమటతో తడిసిపోయింది గానీ, లోపల ఇంజెక్షన్లు చక్కగా ఉన్నాయి. ఒకటి అక్కడే వేశారు. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు. ఎదురుగా హోటల్లో ఇడ్లీ పెట్టించి, "తిను అత్తయ్యా" అన్నాను. తల వంచుకునే తింది.

తిరుగు బస్సులో తాళ్ళరేవు దగ్గర, మార్కెట్లో మా అత్తయ్య పక్కన కూర్చుని చేపలమ్మే సత్యవతిగారు ఎక్కింది. "ఏం చేపలొదినా, డబ్బా అంత భద్రంగా పట్టుకున్నావ్?" అంది. పన్ను నెప్పి మళ్ళీ వస్తుందనుకుని నేను కిటికీ వైపు తిరిగాను.

"చేపలు కాదొదినా. మా కోడలి మందు, పిల్లల కోసం ఏయించుకుంటంది" అంది అత్తయ్య, బస్సులో సగం మందికి వినబడేలా. "ఎండ తగలకూడదంట. కాత్త ఇటు అడ్డంగా కూచో."

సత్యవతిగారు జరిగి, కొంగు కిటికీకి అడ్డం పట్టి యానాం దాకా అలాగే కూర్చుంది. నాకు కళ్ళు నిండిపోయాయి. ఇది ఫలిస్తుందో లేదో ఇంకా తెలియదు. ఏది ఎలా జరిగినా, ఆ రోజు నుంచి మా వీధిలో నా పన్ను గురించి ఎవరూ అడగడంలేదు. "మందు ఏయించుకున్నావా అమ్మాయ్?" అని అడుగుతున్నారు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒకే మాట: ఇంజెక్షన్ తీసుకెళ్ళేటప్పుడు జెల్ ప్యాకుకి తువ్వాలు చుట్టండి, ఐసు మాత్రం తగలనివ్వకండి. ఐసు వేస్తానని ఎవరైనా ముందుకొస్తే మా అత్తయ్య దగ్గరికి పంపండి, ఆవిడే చెబుతుంది.